పిందె నిలవాలంటే ఎవరు రావాలి? బడి తోటలో పరాగసంపర్కం పాఠం

పరాగసంపర్కం పాఠం మామూలుగా బోర్డు మీద మందార పువ్వు బొమ్మతో మొదలై "తేనెటీగలను కాపాడుదాం" అన్న నినాదంతో ముగుస్తుంది. పిల్లలు కేసరాలు, కీలాగ్రం, అండాశయం అని భాగాలు రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఇంటి పెరట్లో గుమ్మడి పిందె పసుపు తిరిగి ఎందుకు రాలిపోయిందని అడిగితే మాత్రం నోరు విప్పరు. లేదంటే ఇంట్లో విన్నదే చెబుతారు: "వేలు పెట్టి చూపిస్తే పిందె కుళ్ళిపోతుంది సార్."

పాఠం ఆ మాట దగ్గరే మొదలుపెట్టండి. వేలు చూపినందుకు రాలిందా, పుప్పొడి అందక రాలిందా? బడి ఆవరణలో నాలుగైదు గుమ్మడి పాదులుంటే పిల్లలే తేల్చుకోగలరు. కింద రాసినదంతా 6 నుంచి 9 తరగతుల పిల్లల కోసం. చిన్న తరగతులకైతే కీటకాల లెక్క, భోజనం పళ్ళెం పాఠం సరిపోతాయి.

ఏ పాదు వేయాలి

తీగజాతి కూరగాయల్లో మగ పువ్వు, ఆడ పువ్వు వేర్వేరుగా పూస్తాయి. అందుకే ఈ పాఠానికి వీటిని మించినవి లేవు. అయితే అన్నీ బడి వేళలకు పూయవు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. సొర, పొట్ల పూలు తెల్లగా ఉండి, పొద్దుగూకాక విచ్చుకుని రాత్రి తిరిగే రెక్కల పురుగులను పిలుస్తాయి. పిల్లలు బడికి వచ్చేసరికి వాటి పని అయిపోతుంది. తీపి గుమ్మడి పువ్వు తెల్లవారకముందే విచ్చుకుని, ఎండ ముదిరాక ముడుచుకుంటుంది. పువ్వు పెద్దది, లోపలి భాగాలు వేలితో తాకి చూపేంత స్పష్టంగా ఉంటాయి. కాబట్టి తీపి గుమ్మడే వేయండి.

స్థలం చాలకపోతే దోస పెట్టవచ్చు, కాపు కూడా తొందరగా వస్తుంది. కాకపోతే షెడ్డుల్లో పెంచే హైబ్రిడ్ కీర దోస విత్తనం తీసుకోకండి. అందులో చాలా రకాలు పుప్పొడి అందకపోయినా కాస్తాయి, అప్పుడు ప్రయోగం తలకిందులవుతుంది.

జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. నెలాఖరుకల్లా విత్తనం పడితే ఆగస్టు మొదట్లో మగ పూత, మధ్యలో ఆడ పూత కనిపిస్తాయి. 30 మంది తరగతికి 6 గుంతలు చాలు. ఒక్కోటి అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు, గుంతకూ గుంతకూ 2 మీటర్ల ఎడం. తవ్విన పైమట్టిలో 5 కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి గుంత నింపండి. గుంతకు 4 గింజలు, అంగుళం లోతున. వారంలో మొలుస్తాయి. రెండు ఆకులు విచ్చుకున్నాక బలమైన రెండు మొక్కలు ఉంచి మిగిలినవి పీకేయండి. తీగలను ప్రహరీ గోడ మీదికో కంచె మీదికో పాకించండి, ఆటస్థలం పాడవదు.

యూరియా వేయకండి. వేస్తే తీగ ఏపుగా సాగి ఆకులే కమ్ముకుంటాయి, ఆడ పువ్వులు ఆలస్యమవుతాయి. మొదటి వారం, పది రోజులు మగ పూలే పూసి రాలిపోతుంటే పిల్లలు దిగాలు పడతారు. అది గుమ్మడి సహజ గుణమని ముందే చెప్పండి.

పూత రాకముందు చేయాల్సిన రెండు పనులు

మొదటిది పుప్పొడిని కళ్ళారా చూపించడం. ఉదయం విచ్చుకున్న ఒంటిరేక మందారం కోసుకురండి. ముద్ద మందారం పనికిరాదు, అందులో కేసరాలు చాలావరకు రేకలుగా మారిపోయి ఉంటాయి. సెల్లోటేపు ముక్క జిగురు వైపును కేసరాలకు మెల్లగా తాకించి గాజు పలక మీద అతికించండి. మందార పుప్పొడి రేణువు చాలా పెద్దది. మామూలు బడి సూక్ష్మదర్శినిలో, తక్కువ పెద్దది చేసే కటకంతోనే ముళ్ళ బంతిలా కనిపిస్తుంది. ఆ ముళ్ళు చూశాక "పురుగు ఒంటికి ఎలా అంటుకుంటుంది" అన్న ప్రశ్నకు మీరు జవాబు చెప్పక్కర్లేదు. ఎక్కువ రేణువులు అంటించకండి, ఒకదాని మీద ఒకటి పడి నల్లని ముద్దగా కనిపిస్తాయి.

రెండోది మధ్యాహ్న భోజనం పళ్ళెం. ఆ రోజు వండినవన్నీ పిల్లలతో రాయించి మూడు వరుసలుగా విడదీయించండి. పురుగు రాకపోతే కాయే కాయనివి: గుమ్మడి, దోస, సొర. వస్తే కాపు పెరిగేవి: వంగ, కంది, ఆవాలు, పొద్దుతిరుగుడు. పురుగుతో పని లేనివి: ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కట్టే వరి, జొన్న, గాలి మీద ఆధారపడే మొక్కజొన్న, పుప్పొడే అక్కర్లేని అరటి. ఉల్లిపాయ దగ్గర పిల్లలు తడబడతారు, తడబడనివ్వండి. గడ్డ ఊరడానికి పురుగు అక్కర్లేదు. మళ్ళీ నాటాలంటే విత్తనం కావాలి, విత్తనానికి పురుగు కావాలి. కొత్తిమీర, క్యారెట్ కూడా అంతే.

ఈ పళ్ళెం వల్ల ఒక పెద్ద పొరపాటు తప్పుతుంది. "తేనెటీగలు లేకపోతే అన్నమే ఉండదు" అని చెబుతుంటారు, అది నిజం కాదు. ప్రపంచంలో ముఖ్యమైన ఆహార పంటలు 115 తీసుకుంటే 87 పంటలకు జంతువుల ద్వారా జరిగే పరాగసంపర్కం ఎంతోకొంత మేలు చేస్తుంది. బరువులో చూస్తే ఆ పంటల వాటా 35 శాతమే, ఎందుకంటే వరి, గోధుమ, మొక్కజొన్న పురుగుతో పని లేని వరుసలో ఉన్నాయి. కడుపు నిండుతుంది గానీ పళ్ళెంలో కూర, పండు, పోపు తగ్గిపోతాయి. ఉన్నదున్నట్టు చెప్పినా పిల్లలకు విషయం బలంగానే నాటుతుంది. తేనెటీగలు పోతే మనిషికి నాలుగేళ్ళే ఆయుష్షు అని ఐన్‌స్టీన్ పేరుతో తిరిగే మాటను గోడ మీద రాయించకండి, ఆయన అలా అన్నట్టు ఆధారం లేదు.

అసలు ప్రయోగం

ఆడ పువ్వును గుర్తుపట్టడం ముందు నేర్పండి. రేకల కింద గోలీ అంత గుండ్రటి పిందె ఉంటే ఆడది. సన్నగా పొడుగాటి కాడ మీద నిలబడితే మగది. పిందె పువ్వు రాలాక వస్తుందని చాలామంది పెద్దవాళ్ళూ అనుకుంటారు. అది ముందే ఉంటుంది, నిలుస్తుందా రాలుతుందా అన్నదే లెక్క.

కావలసినవి: పాత దోమతెరతో కుట్టిన 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు సంచులు పది, ఎరుపు, తెలుపు, పసుపు, నీలం ఊలు దారాలు, కొంచెం దూది, కొలతకు టేపు, ఒక నోటుపుస్తకం. ఆకుపచ్చ దారం వద్దు, తీగలో కలిసిపోయి మర్నాడు వెతుక్కోవాలి. పాలిథిన్ సంచి అసలే వద్దు, లోపల చెమ్మ పట్టి పువ్వు కుళ్ళుతుంది. అది పురుగు రానందుకు రాలిందని పిల్లలు రాసుకుంటారు.

సాయంత్రం బడి వదిలే ముందు తోటలోకి వెళ్ళండి. మర్నాడు విచ్చుకునే మొగ్గ కొస పసుపు రంగుకు తిరిగి, ఉబ్బి, ముడి ఇంకా విడకుండా ఉంటుంది. అలాంటి ఆడ మొగ్గలను నాలుగు రకాలుగా గుర్తు పెట్టండి.

ఎర్ర దారం: అలాగే వదిలేసేవి. పురుగులు స్వేచ్ఛగా వస్తాయి.

తెల్ల దారం: సంచి తొడిగి, కాడ చుట్టూ దూది పెట్టి, చీమ కూడా దూరకుండా కట్టేవి. వీటిని ఎవరూ తాకకూడదు.

పసుపు దారం: అలాగే సంచి తొడిగి, ఉదయం చేత్తో పుప్పొడి అద్దేవి.

నీలం దారం: సంచి లేకుండా వదిలి, రోజూ పిల్లలంతా వరసగా నిలబడి వేలు పెట్టి చూపించేవి.

ఒక్కో రకానికి కనీసం 5 పువ్వులు కావాలి. ఆడ పువ్వులు తక్కువగా పూస్తాయి కాబట్టి అన్నీ ఒకే రోజు దొరకవు. రెండు మూడు వారాల పాటు దొరికినప్పుడల్లా చేర్చుకుంటూ పోండి, పువ్వు పక్కన తేదీ రాయించండి. ఒక పాదుకు అన్నీ తెల్ల దారాలు, ఇంకో పాదుకు అన్నీ ఎర్ర దారాలు కట్టవద్దు. పాదు బలహీనమైతే ఆ నేరం సంచి మీద పడుతుంది. ప్రతి పాదుకూ అన్ని రంగులూ పడేలా పంచండి.

అదే సాయంత్రం మరో పని ఉంది, అందరూ దీన్నే మరిచిపోతారు. మర్నాటికి విచ్చుకునే మగ మొగ్గలు రెండు మూడింటి కొసలు దారంతో ముడి వేసి ఉంచండి. వదిలేస్తే తెల్లవారుజామునే తేనెటీగలు వచ్చి పుప్పొడి ఊడ్చుకుపోతాయి, మీరు వచ్చేసరికి ఖాళీ కేసరాలు మిగులుతాయి.

ఉదయం ప్రార్థన కాగానే, వీలైతే 9 గంటలకే, చేత్తో అద్దే పని ముగించండి. ముడి వేసిన మగ పువ్వును కాడతో తుంచి, రేకలు ఒలిచి, మధ్యలోని పసుపు కాడను వేలికి రాసి చూడండి. వేలికి పసుపు పొడి అంటాలి. పసుపు దారం పువ్వుకు సంచి తీసి, మగ కాడను కీలాగ్రం (ఆడ పువ్వు మధ్యలో పుప్పొడి అందుకునే భాగం) మూడు తమ్మెల మీదా మెత్తగా రాయండి. ఒకే తమ్మెకు రాసి వదిలితే పుప్పొడి తక్కువ పడి కాయ సరిగా ఎదగకపోవచ్చు. ఒక ఆడ పువ్వుకు ఒక తాజా మగ పువ్వు వాడండి. వెంటనే సంచి మళ్ళీ తొడగండి. రెండో రోజు సాయంత్రానికి అన్ని సంచులూ విప్పేయవచ్చు, అప్పటికి పువ్వు వాడి కీలాగ్రం పని అయిపోతుంది. సంచి అలాగే ఉంచితే ఎదిగే పిందె ఇరుక్కుంటుంది.

పిల్లలు ఈ పని చేసేటప్పుడు ఎడ్మండ్ ఆల్బియస్ గురించి చెప్పండి. రీయూనియన్ ద్వీపంలో బానిసగా ఉన్న 12 ఏళ్ళ అబ్బాయి. మెక్సికో నుంచి తెచ్చిన వెనిల్లా తీగలు అక్కడ పూసేవి గానీ కాసేవి కావు, పువ్వును తెరిచే కీటకం ఆ ద్వీపంలో లేదు. 1841లో అతను చిన్న పుల్లతో, బొటనవేలితో పుప్పొడి అందించే ఉపాయం కనిపెట్టాడు. ఇప్పటికీ వెనిల్లా తోటల్లో అదే పని చేస్తారు. 12 ఏళ్ళ పిల్లలకు ఈ సంగతి ఎలా అందుతుందో తరగతిలో మీరే చూస్తారు.

1, 3, 5, 7, 10 రోజుల్లో పిందె చుట్టుకొలత కొలిపించండి. పుప్పొడి అందిన పిందె మూడు నాలుగు రోజుల్లోనే స్పష్టంగా ఉబ్బుతుంది, కాడ వంగి బరువు చూపిస్తుంది. అందని పిందె ఎదుగు ఆగిపోయి, పసుపు తిరిగి, వారం లోపు ముడుచుకుని రాలుతుంది. వేలు చూపిన నీలం దారం పిందెలు ఎర్ర దారం పిందెల్లాగే నిలుస్తాయి. పెద్దల మాట తప్పని ఇంటికెళ్ళి వాదించమని పిల్లలకు చెప్పకండి. పిందె రాలడం వాళ్ళు చూసింది నిజమే, కారణం ఒక్కటే వేరు. ఆ కారణాన్ని పిల్లలు ఇంట్లో వివరించగలిగితే చాలు.

లెక్క తప్పేది ఎక్కడ

తెల్ల దారం పువ్వుకు కాయ నిలిచిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, సంచి ఆలస్యంగా పడింది. తెల్లవారాక తొడిగితే అప్పటికే ఒక తేనెటీగ వచ్చి వెళ్ళి ఉంటుంది.

పసుపు దారం పిందె రాలితే మూడు చూడండి. ఆ ఉదయం వాన పడి పుప్పొడి తడిసిందా, 10 గంటలు దాటాక అద్దారా, అదే తీగ మీద అప్పటికే రెండు కాయలు ఊరుతున్నాయా? కాయ మోస్తున్న తీగ కొత్త పిందెలను తనే వదిలేస్తుంది. అందుకే 5 పువ్వులైనా ఉండాలన్నది. ఒక్క పువ్వుతో చేసి ఫలితం తారుమారైతే పిల్లలు మీ మాట మీదే నమ్మకం పోగొట్టుకుంటారు.

పిందె ఉబ్బి, ఆపైన కుళ్ళితే అది పుప్పొడి సమస్య కాదు. సూది గుచ్చినట్టు మచ్చ, దాని మీద జిగురు బిందువు కనిపిస్తే పండు ఈగ గుడ్లు పెట్టిందన్నమాట. వానాకాలంలో ఇది ఎక్కువ. అలాంటివి లెక్కలోంచి తీసి, వేరే గడిలో రాయించండి. చెడిన కాయలను తోటలో పడేయకుండా లోతుగా పూడ్చండి. తోటలో పురుగుమందు కొట్టి పరాగసంపర్కం పాఠం చెప్పడం కుదరదు.

ఎవరు వస్తున్నారో లెక్కపెట్టడం

పూత మీద ఉండగా వారానికి రెండు ఉదయాలు ఈ పని చేయించండి. ఐదుగురు పిల్లలకు ఒక మీటరు చదరం పూత, 10 నిమిషాలు, మాటలు లేకుండా. నీడ పువ్వు మీద పడకుండా ఒక అడుగు దూరంలో కూర్చోవాలి. పేర్లన్నీ రావాల్సిన పని లేదు. తేనెటీగ, తుమ్మెద, సీతాకోకచిలుక, ఈగ, చీమ, పెంకు పురుగు, పక్షి అని ఏడు గడులు చాలు. పువ్వు మీద వాలి లోపలికి దిగితేనే గీత గీయాలి, పైన ఎగురుతూ పోతే కాదు.

తేనెటీగలా చారలున్న ఈగలు పిల్లలను మోసం చేస్తాయి. ఈగకు రెండే రెక్కలు, కానీ ఎగిరే పురుగు రెక్కలు లెక్కపెట్టడం కుదరదు. మీసాలు చూడమనండి. ఈగ మీసాలు కనీకనిపించనంత పొట్టివి, కళ్ళు తలంతా ఆక్రమిస్తాయి. తేనెటీగ మీసాలు పొడుగ్గా, మోచేయిలా వంగి ఉంటాయి. వెనక కాళ్ళకు పసుపు ముద్దలుంటే ఇక సందేహం లేదు. చీమలు ఎక్కువ కనిపిస్తాయి గానీ చాలావరకు కీలాగ్రాన్ని తాకకుండానే మకరందం తాగి పోతాయి. పువ్వు మీదికి వచ్చిన ప్రతిదీ పని చేసినట్టు కాదని ఇక్కడ చెప్పాలి.

మబ్బు పట్టిన రోజు లెక్కను ఎండ రోజు లెక్కతో పోల్చి "తేనెటీగలు తగ్గిపోయాయి" అని తేల్చేయకండి. వేళ, ఎండ, గాలి పక్కన రాయించండి.

వంగ పువ్వు, శృతిదండం

భౌతికశాస్త్రం బీరువాలో ఉండే, కొడితే అదిరి మోగే రెండు కొమ్ముల శృతిదండానికి ఇక్కడ మంచి పని ఉంది. వంగ పువ్వులో పరాగకోశాలు, అంటే పుప్పొడి ఉండే సంచులు, నిలువునా పగలవు, ఉప్పు డబ్బా మూతకు ఉన్నట్టు కొసన చిన్న రంధ్రాలుంటాయి. పుప్పొడి రాలాలంటే అదరాలి. నల్ల తుమ్మెద పువ్వును కాళ్ళతో వాటేసుకుని, రెక్కలు ఆడించకుండా ఒంట్లోని ఎగిరే కండరాలను మాత్రం అదిలిస్తుంది. అప్పుడు వచ్చే జుమ్మనే శబ్దం ఎగిరేటప్పటి శబ్దం కంటే పదునుగా ఉంటుంది. తేనెటీగకు ఆ విద్య లేదు.

ఉదయం విచ్చుకున్న వంగ పువ్వు కింద నల్ల కాగితం పట్టుకోండి. 256 లేదా 512 అంకె ఉన్న శృతిదండాన్ని రబ్బరు మీద కొట్టి, ఒక కొమ్మును పసుపు పరాగకోశాలకు తాకించండి. సన్నని పొడి కాగితం మీద పడుతుంది. తర్వాత కొట్టని శృతిదండాన్ని తాకించి తేడా చూపండి. పొడి రాలకపోతే పువ్వు పాతదో, వానకు తడిసిందో అయి ఉంటుంది. వంగలో కీలం పొట్టిగా ఉన్న పువ్వులు ఎలాగూ కాయవు, అవి రాలితే తుమ్మెద రాలేదని అనుకోవద్దు.

తేనెటీగ ఒక్కటే కాదు

మామిడి పూత మీద ఎక్కువ పని ఈగలది. సీతాఫలం పువ్వులోకి చిన్న పెంకు పురుగులు దూరతాయి. ఏలూరు జిల్లా పిల్లలకు ఆయిల్ పామ్ కంటే దగ్గరి ఉదాహరణ లేదు. ఆ చెట్టు ఆఫ్రికాది, దాని పరాగసంపర్కం చేసే ముక్కు పురుగూ అక్కడిదే. ఆ పురుగును 1985లో మన దేశానికి తెచ్చి వదిలారు. అంతవరకు గెలలు బాగా కట్టాలంటే మనుషులు పుప్పొడి చల్లాల్సి వచ్చేది. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది, దగ్గరి బడులు ముందుగా అనుమతి అడిగి వెళ్ళవచ్చు.

మేడిపండు పొట్టలో పురుగులుంటాయని పద్యం ద్వారా ప్రతి పిల్లకీ తెలుసు. వాటిలో చాలావరకు కందిరీగ జాతికి చెందిన బుల్లి కీటకాలు. మేడి పువ్వులు కాయ లోపలే పూస్తాయి. ఈ కీటకం సన్నని ద్వారం గుండా లోపలికి దూరి పుప్పొడి అందిస్తుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. అది లేకపోతే మేడికి విత్తనం లేదు. ఎర్రబారుతున్న మేడికాయను నిలువుగా కోసి, మూత ఉన్న గాజు సీసాలో ఒక రాత్రి ఉంచితే మర్నాడు రెక్కల పురుగులు కనిపిస్తాయి. చూశాక చెట్టు దగ్గరే వదిలేయండి.

తేనెపట్టు ఉన్న చోట

బడి భవనం చూరుకో నీళ్ళ ట్యాంకుకో పెద్ద తేనెపట్టు వేలాడుతుంటే ఆ వైపు తరగతిని తీసుకెళ్ళకండి. దాని కింద చెత్త తగలబెట్టడం, రాయి విసరడం, టపాసులు కాల్చడం వల్లే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. లేచి వస్తే ముఖం కప్పుకుని గదిలోకి పరుగెత్తి తలుపు మూయాలి. చేతులు విసరకూడదు, బావిలో దూకకూడదు. ముల్లు దిగితే గోటితోనో స్కేలు అంచుతోనో వెంటనే గీకేయండి. ఎలా తీశామన్నదాని కంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి. ఏ పిల్లకైనా ఇంతకుముందు అలా జరిగిందేమో తోటలోకి వెళ్ళే ముందే తల్లిదండ్రులను అడిగి రాసుకోండి.

తర్వాత మిగిలే పని

ప్రపంచ తేనెటీగల దినం మే 20. మనకు అప్పుడు వేసవి సెలవులు. ఆ తేదీ కోసం ఆగకండి, ఈ పాఠానికి వానాకాలమే సరైన కాలం.

గోడ వారగా తులసి, కరివేపాకు, మునగ, ఒంటిరేక బంతి వేస్తే ఏడాది పొడవునా ఏదో ఒకటి పూతలో ఉంటుంది. జిల్లేడును పిచ్చి మొక్క అని పీకించకండి, దాని ఆకు తిని పెరిగే సీతాకోకచిలుక గొంగళిని పిల్లలు సులువుగా చూడగలరు. వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్ళు పోసి, రాళ్ళు సగం తేలేలా నీళ్ళు పట్టండి. రోజూ నీళ్ళు మార్చకపోతే దోమలు పెరుగుతాయి. ఎండ తగిలే చోట రెండు గజాల నేల తవ్వకుండా, గచ్చు చేయకుండా వదిలేయండి. నేలలో గూడు పెట్టే ఒంటరి తేనెటీగలకు అది చాలు.

కాయలు పుప్పొడి అందిన 40 రోజులకు ముదురుతాయి, అంటే దసరా సెలవుల దగ్గరికి వస్తాయి. సెలవుల్లో తోట చూసే మనిషిని ముందే కుదుర్చుకోండి. కాడ ఎండి, తొక్క గోటికి దిగనప్పుడు కోయండి. ఎర్ర దారం కాయ, పసుపు దారం కాయ కోసి గింజలు లెక్కపెట్టించండి. ఒక్కో గింజ వెనక ఒక పుప్పొడి రేణువు ఉంది. తాలు గింజలు వేరుగా లెక్కించాలి. గుజ్జు వంటగదికి పంపండి. పసుపు దారం గింజలు కడిగి, నీడన వారం ఆరబెట్టి, బూడిద కలిపి కాగితం పొట్లంలో కట్టండి. పొట్లం మీద పాదు సంఖ్య, పుప్పొడి అద్దిన తేదీ, అద్దిన పిల్లల పేర్లు రాసి బీరువాలో పెట్టండి. జూన్‌లో కింది తరగతి పిల్లలు ఆ పొట్లం విప్పి విత్తుకుంటారు.